కప్పులు, కుంచములు

అమెరికాకు క్రొత్తగా వచ్చిన తెలుగువారికి, కాపురము కుదుటపడకమునుపే, ఉగాదికో వినాయక చవితికో ఊరిలోని మనవారందఱును ఒక్కచోట చేరుటయు, "పులిహోర మీరు తెండి" అని ఎవరో అనుటయు, నలుగురికి వండుట తప్ప ఎఱుగని చేయి 30 మందికి వండవలసి వచ్చుటయు తప్పక సంభవించును.

అప్పుడు మొదట గుర్తింపవలసినది, కప్పులన్నియు ఒక్కటి గావనుట. ఇచ్చటి వంటపుస్తకములలోని కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కరుతో వచ్చెడి కప్పు జపాను కొలతననుసరించి 180 మిల్లీలీటర్లు, అనగా దానిలో ముప్పాతిక మాత్రమే. నేను వచ్చిన తొలియేట బియ్యమును చిన్నకప్పుతోను, చింతపండు గుజ్జును పెద్దకప్పుతోను కొలిచితిని. పులిహోర నోట పెట్టరాని పులుపెక్కగా, రాత్రి పదిగంటలకు మఱల అన్నము వండి కలుపవలసి వచ్చెను.

ఇక లెక్క. 30ని 4చేత భాగింపగా ఏడున్నర. ప్రతి దినుసును దానితో హెచ్చవేయవలెను. ఒకటిన్నర కప్పుల బియ్యము 11¼ కప్పులగును. కుక్కరు కప్పుతో నైనచో సరిగా 15. మూడు టేబుల్ స్పూనుల నూనె 22½ అగును. కప్పునకు 16 టేబుల్ స్పూనులు, టేబుల్ స్పూనునకు మూడు టీ స్పూనులు గనుక, ఒక కప్పు, ఆఱు టేబుల్ స్పూనులు, ఒకటిన్నర టీ స్పూను పోసిన చాలును.

ఈ పదునాఱు మనకు క్రొత్త గాదు. కుంచమునకు రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. కావున కుంచములో సోల వీసము వంతు, కప్పులో టేబుల్ స్పూనును అంతే. అక్షరము రాని మా నాయనమ్మ, ఇత్తడి సోలను నింపి, పైని బియ్యమును అరచేతితో ఒక్కమాఱు చదునుచేసి, ఇంటికి వచ్చిన చుట్టములను కంటితో లెక్కించుచునే అర, పావు, అరపావు చెప్పెడిది. ఆ విద్యను విడిచి ఇచ్చటి చెంచాలయెదుట బెదరుట తగదని నా దృఢాభిప్రాయము.

ఔన్సు విషయమున మాత్రము జాగరూకత వలయును. ద్రవములను కొలుచు ఔన్సులు కప్పునకు ఎనిమిది. తూకపు ఔన్సు దాదాపు 28 గ్రాములు. కప్పు బియ్యము ఎనిమిది ఔన్సులు తూగదు.

ఉప్పు, మిరప, ఇంగువలను ఏడున్నర రెట్లు ఒక్కసారిగా వేయరాదు. అందు ముప్పాతిక వేసి, రుచిచూచి, తక్కినది కలుపవలెను. కోషర్ ఉప్పు పలుకులు పెద్దవగుటచే చెంచాకు తక్కువ బరువు పట్టును. మెత్తని ఉప్పునకు చెప్పిన కొలత దానికి చాలదు.

పదునైదు కప్పుల బియ్యము ఇంటి కుక్కరులో పట్టదు. ఐదేసి కప్పుల చొప్పున మూడు వాయిలుగా వండి, ప్రతి వాయిని వెడల్పు పళ్ళెమున ఆరబోసి, ఒకటింబావు టీ స్పూను పసుపును కొంత నూనెయు కొంత చింతపండు గుజ్జును వేసి, మెతుకు చిదుకకుండ కలుపుడు. మూడవ వాయి ఆఱునప్పటికి మొదటిది పులుసు పట్టియుండును.