రేపటి దినమును మనస్సులో చూచుట



"రిటైరైన తరువాత మన ఊరికి వెళ్లిపోదాం" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. మేమును అన్నవారమే. ఆ మాట అనునప్పుడు చెరువు గట్టు, వేపచెట్టు క్రింద మంచము, పలుకరించు బంధువులు మన కన్నుల ముందుకు వచ్చుదురు. ఈ చిత్రము ఎక్కడనుండి వచ్చినదో ఈ పాఠములో చూతము.

1. ఊహకు మూలము జ్ఞాపకము

కెనడా దేశములో 1981లో మోటారు సైకిలు ప్రమాదమున ఒకనికి మెదడు దెబ్బతిన్నది. అతనికి చదరంగము ఆడుట తెలియును గాని తన జీవితములో జరిగిన ఒక్క సంఘటనయైనను గుర్తులేదు. అతనిని పరీక్షించిన శాస్త్రజ్ఞుడు ఎండెల్ టుల్వింగ్ మరియొక సంగతి గమనించెను: రేపు ఏమి చేయుదువని అడిగినను అతని మనస్సు శూన్యముగానే ఉండెను. 2007లో లండన్ పరిశోధకులును ఇట్టిదే కనుగొనిరి. మెదడులోని హిప్పోకాంపస్ అను భాగము దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది క్రొత్త సన్నివేశమును సరిగా ఊహించలేకపోయిరి. కాబట్టి నిన్నటి ముక్కలనే కూర్చి మనము రేపటిని కట్టుకొనుచున్నాము.

2. ఆ చిత్రములో కనబడనివి

దూరపు దినమును ఊహించునప్పుడు వివరములు పలుచబడును. మందుల షాపు ఎంత దూరమో, రాత్రివేళ ఆసుపత్రికి ఎవరు తీసికొని వెళ్లుదురో అందులో కనబడదు. మేము ఒక నెల ఊరిలో ఉండి చూచితిమి. వేపచెట్టు ఉన్నది. ఆ మంచము మీద కూర్చుండినవారిలో ఒక్కరును లేరు.

3. మనము చేయదగినది

ఊరిని మరచిపొమ్మని మేము చెప్పుట లేదు. అక్కడ గడపబోవు ఒక మామూలు దినమును ఉదయము మొదలు రాత్రి వరకు వివరముగా ఊహించుకొనుడి. వీలైతే కొన్ని వారములు ఉండి రండి. ఊహకు క్రొత్త ముక్కలు దొరకును. పిల్లలనుకూడ అడుగుడి. షోలాపూరులోనో బళ్లారిలోనో బరంపురములోనో పెరిగినవారి జ్ఞాపకములు అక్కడివే గనుక వారి రేపును అక్కడిదే. ఇల్లు అమ్మకముందే ఈ మాటలు జరుగుట మేలు.

ఇంటిలో మాటలాడుకొనుటకు:
అ) మీరు ఊహించు ఊరు ఏ సంవత్సరపుది?
ఆ) మీ భార్య లేక భర్త ఊహించు దినము మీదానివలెనే ఉన్నదా?