వీడియోలోంచి ఫొటో: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి పుట్టినరోజు వీడియోలో ఆయన మనసారా నవ్విన చోటు ఒకటుంది. ఇప్పుడాయన లేరు. అక్కడ ఆపి, స్క్రీన్‌షాట్ తీసి ప్రింటుకిస్తే ముఖం మసగ్గా వచ్చింది. ఇంతకంటే రాదని స్టూడియోవాళ్లు అంటున్నారు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వస్తుందమ్మా. ఆ వీడియో మీకు వాట్సాప్‌లో వచ్చిందా? అయితే పంపేటప్పుడే నాణ్యత తగ్గి ఉంటుంది. తీసినవారి ఫోన్‌లో అసలుది ఇంకా ఉంటే డాక్యుమెంటుగా పంపమనండి, ఉన్నదున్నట్టు వస్తుంది. ఇక స్క్రీన్‌షాట్ మానేయండి. ఫోన్ నిలువుగా పట్టుకుని అడ్డ వీడియో చూస్తే బొమ్మ తెర మధ్యలో పట్టీలా ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో దక్కేది ఆ పట్టీయే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ తెరిచి, వీడియో ఎడిట్‌లోకి వెళ్తే ‘ఎక్స్‌పోర్ట్ ఫ్రేమ్’ ఉంటుంది. అది వీడియోలోని ఫ్రేమునే ఫొటోగా దాస్తుంది.

సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములుంటాయి. ముఖం కదలకుండా నవ్వు నిలిచిన ఫ్రేము వెతకండి. ఇంట్లో బల్బు వెలుతురులో కాస్త కదిలినా బొమ్మ చెదురుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 1920×1080, అంటే సుమారు 20 లక్షల పిక్సెళ్లు. ఆరంగుళాల ప్రింటుకు హాయిగా సరిపోతుంది, గోడకు పెద్ద పటం కట్టిస్తే పలచబడుతుంది. 4కే వీడియో అయితే పిక్సెళ్లు నాలుగింతలు. ఏఐతో ముఖం తేటపరిచే యాప్‌ల జోలికి మాత్రం పోకండి. లేని గీతలు ఊహించి గీస్తాయవి. ముఖం తేటగానే వస్తుంది, మీ నాన్నగారిలా ఉంటుందన్న హామీ లేదు.

ప్రశ్న: వీడియోకు కవర్ ఫొటో ఎంచుకునే యాప్ రాస్తున్నాను. స్లైడర్ ఏడో సెకను మీద పెడితే ఐదో సెకను బొమ్మ వస్తోంది. ఎందుకు?
- ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వీడియోలో పూర్తి బొమ్మ అక్కడక్కడా వచ్చే కీఫ్రేముల్లోనే ఉంటుంది. మిగతావి పక్క ఫ్రేములతో పోల్చి, మారినంత మేరే దాచుకుంటాయి. ఆండ్రాయిడ్ మీడియా మెటాడేటా రిట్రీవర్‌కు సమయం ఒక్కటే ఇస్తే దగ్గర్లోని కీఫ్రేము తెచ్చి చేతిలో పెడుతుంది. ‘ఆప్షన్ క్లోజెస్ట్’ అని అడిగితే మీరు కోరిన ఫ్రేమే ఇస్తుంది. కాకపోతే కీఫ్రేము నుంచి అక్కడిదాకా విప్పుకుంటూ రావాలి గనుక ఆలస్యమవుతుంది. అందుకే వేలు జరుపుతున్నంతసేపూ చిన్న సైజు కీఫ్రేములు చూపించి, వేలు తీశాక అసలు ఫ్రేము తెప్పించండి. ఆ పని మెయిన్ థ్రెడ్ మీద పెట్టొద్దు. సమయం మైక్రోసెకన్లలో ఇవ్వాలి. మిల్లీసెకన్లు ఇచ్చేసి, ఎక్కడ ఆపినా మొదటి బొమ్మే వస్తోందని తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఐఫోన్‌లో ఏవీ అసెట్ ఇమేజ్ జనరేటర్‌కు ముందు, వెనుక టాలరెన్సులు రెండూ సున్నా చేయాలి. ట్రాక్ ట్రాన్స్‌ఫామ్ ఆన్ చేయకపోతే నిలువు వీడియో బొమ్మలు పక్కకు పడుకుంటాయి.

ప్రశ్న: నా వంటల ఛానల్ థంబ్‌నెయిల్ వీడియోలోంచే తీసుకోవచ్చా?
- గృహిణి, రాజమండ్రి

జవాబు: నిక్షేపంగా. యూట్యూబ్ సూచించే 1280×720కి ఫుల్ హెచ్‌డీ ఫ్రేము చాలు. అయినా గరిటె కదిలే ఫ్రేము కంటే, కూర దించాక కిటికీ దగ్గర విడిగా తీసిన ఫొటోయే మేలు.