పలువరుస సరిచేసుకున్న తరువాత – నిత్య దంతసంరక్షణ

మన పూర్వులు దినచర్యలో దంతధావనానికి మొదటి వరుసలోనే స్థానం కల్పించారు. చరకసంహిత సూత్రస్థానంలోని ఐదవ అధ్యాయం రోజుకు రెండు వేళలా పళ్లు తోముకోవాలని, తోమేటప్పుడు చిగుళ్లకు బాధ కలగనీయరాదని చెబుతుంది. సుశ్రుతుడు పందుంపుల్ల పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు, చిటికెన వేలంత లావు ఉండాలని కొలతతో సహా నిర్దేశించాడు. రెండు వేళలు, చిగుళ్ల పట్ల మృదుత్వం అనే ఈ రెండు నియమాలూ నేటి దంతవైద్యం బోధించేవే. అందరికీ వర్తించే ఈ నియమాలను మరింత శ్రద్ధగా పాటించవలసినవారు కొందరున్నారు. వారు ఎత్తుపళ్లకో, వంకరపళ్లకో క్లిప్పులు వేయించుకొని, చికిత్స ముగిశాక వాటిని తీయించుకున్నవారు.

నేను పలువరుసలు సరిచేసే దంతవైద్యురాలిని. నల్లగొండ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో చాలాకాలంగా వైద్యం చేస్తున్నాను. ఈ వ్యాసానికి కారణం ఒక విద్యార్థిని. ఆమె వలన నేను నేర్చుకున్న పాఠాన్నే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఒక అమ్మాయి కథ

ఆ అమ్మాయి తండ్రి మగ్గం నేస్తారు. కూతురి ఎత్తుపళ్లు సరిచేయించాలని రెండేళ్లపాటు ప్రతి నెలా కొంత సొమ్ము తెచ్చి కట్టారు. ఆమె పదహారవ ఏట క్లిప్పులు తీసివేశాను. ఆనాడు ఆ కుటుంబం మిఠాయి పొట్లంతో వచ్చింది. అమ్మాయి అద్దం వదలడం లేదు. ఆ సందడి నడుమ రిటైనర్ ఎలా ధరించాలి, ఎలా కడగాలి, పళ్లు ఎలా తోమాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్న విషయాలన్నీ ఐదు నిమిషాలలో గబగబా చెప్పి, రిటైనర్ ఉన్న డబ్బా చేతికిచ్చి పంపించాను. రెండు మూడు పళ్ల మీద లేత సున్నపు మచ్చల వంటివి కనబడ్డాయి. వాటి సంగతీ చెప్పాననే అనుకున్నాను.

పద్నాలుగు నెలల తరువాత తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. కింది ముందుపళ్లు రెండు పక్కకు తిరిగి ఉన్నాయి. పైపళ్ల నడుమ సందు పడింది. చిగుళ్లు ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు వస్తున్నది. సున్నపు మచ్చలు మరింత ముదిరాయి. ఇంటర్మీడియట్ చదువుకు హాస్టల్‌లో చేరిన మొదటి నెలలోనే ఆమె భోజనం ముందు రిటైనర్ తీసి కాగితంలో చుట్టి పళ్లెం పక్కన పెట్టిందట. పళ్లెంతోపాటే అదీ చెత్తలో కలిసిపోయింది. నాన్న ఎంత కష్టపడి డబ్బు కట్టారో తెలుసు గనుక భయపడి ఇంట్లో చెప్పలేదు.

"డాక్టరమ్మా, తీగలు తీసినంక పని అయిపోయిందనుకున్నం. ఈ మచ్చలు మా ఊరి నీళ్లకు వచ్చినయనుకున్నం" అన్నారు ఆ తండ్రి.

ఆయన మాటలో తప్పు లేదు. చికిత్స ముగియలేదని, అది వైద్యుని చేతినుండి మీ చేతికి మారిందని నేను వారికి అర్థమయ్యేటట్లు చెప్పలేదు. సంతోషంగా ఉన్న రోజున ఒక్కసారిగా చెప్పిన పది మాటలు ఎవరికీ గుర్తుండవు. ఆ లోపం నాది.

పళ్లు ఎందుకు వెనుకకు మళ్లుతాయి?

పన్ను దవడ ఎముకలో మేకు దిగినట్లు బిగిసి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపోగుల పొర ఉంటుంది. తీగ ఒత్తిడికి ఒకవైపు ఎముక కరిగి, మరొకవైపు కొత్త ఎముక ఏర్పడి, పన్ను మెల్లగా జరుగుతుంది. తీగ తీసిన నాటికి ఆ పోగులు ఇంకా సర్దుకొని ఉండవు. వేరు చుట్టూ ఉన్న పోగులు కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగుళ్లలో సాగే గుణం గల పోగులకు దాదాపు సంవత్సరం పట్టవచ్చు. అంతవరకూ అవి పంటిని పాత చోటికే లాగుతుంటాయి.

పందిరి గుంజను పాతినప్పుడు చుట్టూ మట్టి గట్టిపడేదాకా ఊతం ఇస్తాము గదా! రిటైనర్ అటువంటి ఊతం. అందుకే మొదటి కొన్ని నెలలు తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప రోజంతా, ఆ తరువాత రాత్రివేళల్లో దానిని ధరించమని సాధారణంగా చెబుతాము. ఎవరికి ఎంతకాలం అన్నది వారివారి వైద్యులే నిర్ణయించాలి. వయసుతోపాటు పళ్లు కొద్దికొద్దిగా కదలడం సహజం గనుక, రాత్రివేళ ధరించడం ఏళ్ల తరబడి కొనసాగించవలసి రావచ్చు.

సున్నపు మచ్చ, నీళ్ల మచ్చ

ఆ తండ్రికి కలిగిన సందేహం మా ప్రాంతంలో చాలామందికి ఉన్నది. నేలలోని ఫ్లోరైడ్ అధికంగా కలిసిన నీరు తాగడం వలన పళ్లకు, ఎముకలకు కలిగే చేటును మన దేశంలో 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించి ప్రకటించారు. నల్లగొండ ప్రజలు ఆ బాధను తరతరాలుగా అనుభవించారు. ఆ మచ్చలు పన్ను చిగురులోపల తయారవుతున్న బాల్యదశలోనే ఏర్పడతాయి. సాధారణంగా నోటికి ఇరువైపులా ఒకే జత పళ్ల మీద ఒకే తీరున, గీతలుగానో మబ్బులుగానో కనిపిస్తాయి.

క్లిప్పుల వలన మిగిలే మచ్చ వేరు. క్లిప్పు అతికించిన చోటు చుట్టూ, చిగురు అంచు వెంబడి పాచి నిలుస్తుంది. అందులోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. పాచి తొలగించకపోతే నాలుగు వారాలలోనే ఈ తెల్లమచ్చ కంటికి కనబడగలదు. ఇది పిప్పిపన్నుకు తొలిమెట్టు. అయితే ఈ దశలో పన్నుకు ఇంకా రంధ్రం పడదు. పాచి లేకుండా ఉంచి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడితే లాలాజలంలోని ఖనిజం తిరిగి చేరి మచ్చ గట్టిపడుతుంది, కొంత మాయవచ్చు కూడా.

"ఫ్లోరైడ్ వలన చెడినచోట మళ్లీ ఫ్లోరైడ్ పేస్టా?" అని అడుగుతారు. తాగే నీటి ద్వారా ఒంట్లోకి ఎక్కువగా చేరేది వేరు, పంటిపై పూసి ఉమ్మివేసేది వేరు. పెద్దపిల్లలు, పెద్దలు మింగకుండా వాడినంతకాలం అది పంటికి రక్ష. చిన్నపిల్లలకు మాత్రం పెద్దలు దగ్గరుండి కొంచెమే వేయాలి. ఫ్లోరైడ్ నీరు గల ఊళ్లవారు తమ దంతవైద్యుని అడిగి పేస్టు ఎంచుకోవడం మేలు.

దినచర్య

కొత్త అలవాటును పాత అలవాటుకు ముడివేస్తే అది నిలుస్తుంది. వేరే సమయం కేటాయించనవసరం లేకుండా, రోజూ తప్పక చేసే పనుల పక్కనే దీనిని అమర్చుకోవాలి.

ఉదయం: రిటైనర్ తీసి చల్లని నీటితో కడిగి, మెత్తని బ్రష్‌తో మెల్లగా తోమి డబ్బాలో ఉంచాలి. పారదర్శకంగా ఉండే రకానికి పేస్టు వాడరాదు, గీతలు పడతాయి. వేడినీరు తగిలితే ఆకారం మారుతుంది. తరువాత మెత్తని కుచ్చు గల బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న సున్నాలు చుట్టినట్లు, రెండు నిమిషాలు తోమాలి. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు అని మూడు భాగాలనూ వరుస తప్పకుండా ముగించాలి. నాలుకను బద్దతో మృదువుగా శుభ్రపరచాలి. చివర నురగను ఉమ్మివేస్తే చాలు, అదేపనిగా పుక్కిలిస్తే పంటిపై నిలవవలసిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

పగలు: తిన్న ప్రతిసారీ మంచినీటితో పుక్కిలించాలి. పులుపు తిన్న వెంటనే బ్రష్ పట్టరాదు. ఆమ్లానికి మెత్తబడిన ఎనామెల్ అరిగిపోతుంది గనుక కనీసం అరగంట ఆగాలి. రిటైనర్ నోట ఉండగా మంచినీరు తప్ప మరేదీ తాగరాదు. టీ, కాఫీ, శీతలపానీయాలు దాని అడుగున చిక్కుకొని పంటిని తడుపుతూనే ఉంటాయి. తీపి ఎంత తిన్నాము అన్నదానికన్నా రోజులో ఎన్నిసార్లు తిన్నాము అన్నది పంటికి ముఖ్యం. తినదలచిన తీపిని భోజనంతోపాటు తిని ముగించడం మంచిది.

రాత్రి: ఇది అన్నింటికన్నా ముఖ్యమైన వేళ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పంటికి సహజరక్షణ పలుచబడుతుంది. భోజనం తరువాత పళ్ల సందులను దారంతోనో, సందుల్లో దూరే చిన్న బ్రష్‌తోనో శుభ్రపరచి, ఆపై రెండు నిమిషాలు తోమి, శుభ్రమైన రిటైనర్ ధరించి పడుకోవాలి. ఆ తరువాత నీరు తప్ప ఏమీ తీసుకోరాదు.

కొందరికి కింది ముందుపళ్ల వెనుక సన్నని తీగను శాశ్వతంగా అతికిస్తాము. దాని వెనుక గార త్వరగా పేరుకుంటుంది. దారాన్ని తీగ కిందినుండి దూర్చడానికి ప్రత్యేకమైన ప్లాస్టిక్ సూది దొరుకుతుంది. ఈ తీగ ఉన్నవారు చెరకు, గట్టి జామకాయ వంటివి ముందుపళ్లతో కొరకక, చిన్న ముక్కలుగా కోసుకొని తినాలి.

వేపపుల్ల వాడే అలవాటు ఉన్నవారు మానుకోనవసరం లేదు. మెత్తగా నమిలి, చిగుళ్లకు గుచ్చుకోకుండా వాడవచ్చు. కాని అది సందుల్లోకి, తీగ వెనుకకు చేరదు గనుక బ్రష్‌కు తోడుగానే ఉండాలి. కచ్చిక, ఉప్పు, ఇటుకపొడి వంటి గరుకు పదార్థాలు మాత్రం పూర్తిగా విడిచిపెట్టాలి.

ప్రయాణాలలో

యాత్రలకు బయలుదేరినప్పుడు ఇంటి క్రమం తప్పడం సహజం. రిటైనర్ ఎక్కువగా పోయేది భోజనశాలల్లోనే. విస్తరి పక్కన కాగితంలో చుట్టి పెట్టినది విస్తరితోపాటే ఎత్తివేయబడుతుంది. నోట ఉండాలి, లేదా డబ్బాలో ఉండాలి, మూడవ చోటు దానికి లేదు. డబ్బాను, బ్రష్‌ను, పేస్టును ఒకే సంచిలో ఉంచుకొని, ఆ సంచిని పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకోవాలి.

పోగొట్టుకుంటే లేదా విరిగితే దాచవద్దు. ఆ వారంలోనే వైద్యునికి చెబితే కొత్తది చేయించడంతో సరిపోతుంది, నెలలు గడిస్తే మళ్లీ తీగలే వేయవలసి రావచ్చు. కొన్నాళ్లు మాని పెట్టుకున్నప్పుడు బిగుతుగా అనిపిస్తే పళ్లు కదలడం మొదలైందని అర్థం. అసలే పట్టకపోతే బలవంతంగా నొక్కరాదు. తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: పిల్లలు పోయిందని చెప్పినప్పుడు కోపగించకండి. కోపానికి భయపడిన పిల్లల మౌనం, పోయిన వస్తువు కన్నా ఎక్కువ ఖర్చు తెస్తుంది.

చిగుళ్లనుండి నెత్తురు వస్తే తోమడం మానరాదు. అది వాపుకు గుర్తు. మృదువుగా, శ్రద్ధగా తోముతూ ఉంటే వారం పదిరోజులలో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలకూ తగ్గకపోతే వైద్యుని చూడాలి. ఏ బాధా లేకున్నా ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవడం, మూడు నెలలకొకసారి బ్రష్ మార్చడం మంచిది.

ముగింపు

ఆ అమ్మాయికి కింది పళ్లకు మళ్లీ కొన్ని నెలలు తీగ వేయవలసి వచ్చింది. చిగుళ్లు మూడు వారాలలో కుదుటపడ్డాయి. మచ్చలలో కొన్ని మాయమయ్యాయి, రెండు మిగిలాయి. ఈసారి తీగ తీయడానికి నెల ముందునుండే ఆమెకు ఒక్కొక్కటిగా నేర్పాను. తీసిన రోజున రిటైనర్ గురించి మాత్రమే చెప్పాను. వారం తరువాత పిలిచి, నా ఎదుటే పళ్లు తోమించి చూశాను. నెల తరువాత మళ్లీ చూశాను. నేటికీ నా వద్దకు వచ్చే ప్రతి ఒక్కరి విషయంలో ఇదే క్రమాన్ని పాటిస్తున్నాను.

చివరిసారి వచ్చినప్పుడు ఆమె తండ్రి కూతురి చేతిలోని డబ్బాను చూపిస్తూ, "బట్ట మగ్గం దిగినంక కూడా మడత మంచిగ పెట్టకుంటే పాడైతది డాక్టరమ్మా, ఇదీ గంతే" అన్నారు. నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయిన విషయాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పారు.

మీ ఇంట్లో క్లిప్పులు తీయించుకున్నవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి అడగండి: రిటైనర్ ఎక్కడ ఉంది?