సరిహద్దు దాటే మిర్చి: లారీ కదలక ముందే చూసుకోవలసినవి

జగ్గయ్యపేట, నందిగామ వర్తకులకు సరిహద్దు కొత్త కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైన పిమ్మట గరికపాడే సరిహద్దు అయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. తనిఖీ మాత్రం పోలేదు; మనిషి చేతిలో నుంచి యంత్రానికి మారింది. చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్ చదివే యంత్రం డబ్బు తీసుకోవడంతోపాటు లారీ నంబరును, దాటిన వేళను కూడా నమోదు చేస్తుంది. 2021 జనవరి నుంచి ఈ వివరాలను ఈ-వే బిల్లులతో సరిచూస్తున్నారు. బిల్లు లేని లారీ ఏదో అధికారికి ఆఫీసులో కూర్చునే తెలుస్తుంది.

బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. 1,200 కిలోమీటర్లకు 6 రోజులు. దారిలో సరుకును వేరే లారీకి మార్చితే కొత్త నంబరును ‘పార్టు-బి’లో ఎక్కించాకే బండి కదలాలి. చాలామంది తప్పేది ఇక్కడే. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకు పొడిగింపు కోరవచ్చు. హైదరాబాదుకు పంపే రూ.20 లక్షల మిర్చి పట్టుబడితే 5 శాతం చొప్పున పన్ను రూ.లక్ష, యజమాని ముందుకొచ్చినా అపరాధ రుసుము దానికి రెండింతలు.

బంగ్లాదేశ్‌కు వెళ్లే మిర్చికి అసలు ఆలస్యం పెట్రాపోల్ వద్ద. అక్కడ లారీలు రోజుల తరబడి వరుసలో నిలిచేవి. 2022లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘సువిధ’ పేరుతో లారీలకు ముందుగా స్లాటు ఇచ్చే పద్ధతి పెట్టింది. దీనితో లెక్క తలకిందులైంది: లోడు ఎత్తి వరుసలో నిలబడటం కాదు, స్లాటు తేదీ చూసుకుని లోడు ఎత్తాలి. లేకుంటే వెయిటింగు చార్జీ లాభాన్ని తినేస్తుంది.

రైలు మార్గమూ ఉన్నది. 2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు 16 పార్సిల్ వ్యాగన్లలో సుమారు 384 టన్నుల మిర్చి వెళ్లింది. రోడ్డున టన్నుకు రూ.7,000 అయ్యేచోట రూ.4,608 పడిందని రైల్వే లెక్క. గూడ్సు రైలుకైతే 1,500 టన్నులు పోగుచేయాలి. అది మన తాలూకా వర్తకుడికి ఒంటరిగా అయ్యే పని కాదు. పార్సిల్ రైలుకైనా పదిమంది కలవాలి.

యంత్రం చేయలేనిదీ ఒకటున్నది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ అల్లర్లకు పెట్రాపోల్‌లో వర్తకం కొద్ది రోజులు ఆగింది. గేటు మూస్తే స్లాటు ఉండీ ప్రయోజనం లేదు. అట్టి రోజుల వెయిటింగు ఎవరి ఖాతాలో పడాలో బేరం నాడే చీటీలో రాయించుకోవలసి ఉన్నది.