మధ్యాహ్నమే అర్ధరాత్రి
(ప్రశ్నలు – జవాబులు)

ఈసారి సంచిలో పోలీసు ఇళ్ళ ఉత్తరాలే ఎక్కువ. మిగతావాళ్ళు వచ్చే వారం దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మా ఆయన కృష్ణపట్నం పోర్టు వైపు స్టేషన్లో కానిస్టేబులు. వయసు 38. వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ. తెల్లారి ఏడింటికి బండి మీద వచ్చి పడుకుంటాడు, పదింటికల్లా లేచి కూర్చుంటాడు. పిల్లలు గట్టిగా నవ్వినా అరుస్తాడు. పగటి నిద్ర ఇంటికి దరిద్రమని మా అత్త గొణుగుతా ఉంటది. మొన్న మెడికల్ షాపులో బీపీ చూపిస్తే 150/100. "ఇది డ్యూటీ బీపీలే, దానంతట అదే పోద్ది" అని డాక్టరు దగ్గరికి రానంటాడు. వేడి చేసిందేమో అనిపిస్తాంది. ఒంటికి చలవ చేసేది ఏం పెట్టమంటారు?
– ఒక ఇల్లాలు, ముత్తుకూరు

జవాబు: సబ్జా గింజలు పెట్టు తల్లీ, మజ్జిగ పొయ్యి, నష్టం లేదు. కానీ నువ్వు రాసిన ఉత్తరంలోనే జబ్బు పేరు ఉంది. ఏడింటికి వచ్చి పదింటికి లేస్తున్నాడు. అంటే స్నానం, టిఫిను పోను రెండున్నర గంటల నిద్ర. సాయంత్రం మళ్ళీ రోల్‌కాల్. వారంలో మూడు నాలుగు సార్లు ఇలా జరిగితే ఏ చలవ పనిచేస్తుంది?

మన ఒంట్లో కణం కణానికీ ఒక గడియారం ఉంటుంది. అది ఎలా నడుస్తుందో తేల్చినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. స్టేషన్ రైటరు గారు డ్యూటీ చార్టు దిద్దినంత సులువుగా ఆ గడియారాన్ని దిద్దలేం. మామూలు మనిషికి రాత్రి నిద్రలో బీపీ పగటి కన్నా పది నుంచి ఇరవై శాతం దిగుతుంది, గుండెకి దొరికే విశ్రాంతి అదే. నిద్రే లేని మనిషికి ఆ విశ్రాంతి ఎక్కడిది? తిండి సంగతీ అంతే. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న బిర్యానీ కంటే రాత్రి ఒంటిగంటకు తిన్న అదే బిర్యానీ చక్కెరను ఎక్కువ పెంచుతుంది. అందుకని డ్యూటీకి పోకముందే కడుపునిండా అన్నం పెట్టి పంపు. చేపల పులుసైనా సరే. రాత్రికి రెండు ఉడికించిన గుడ్లో, కాసిని వేరుశనగ గుళ్ళో, మజ్జిగ సీసానో చాలు. డాబాల దగ్గర పరోటా మాన్పించు.

ఇక "డ్యూటీ బీపీ". బీపీకి డ్యూటీ, ఆఫ్ డ్యూటీ అని రెండు రకాలు లేవు. షాపులో ఒక్కసారి చూసిన అంకెతో మాత్ర మొదలుపెట్టొద్దు, అలాగని కొట్టిపారేయనూ వద్దు. నిద్రపోయి లేచాక ఒకసారి, డ్యూటీకి పోయే ముందు ఒకసారి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూపించు. నాలుగైదు రోజుల అంకెలు కాగితం మీద పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నైట్ డ్యూటీల సంగతి మొదటే చెప్పాలి. మాత్ర ఏ వేళకు వేసుకోవాలనేది దాన్నిబట్టే ఉంటుంది. ఇంకొక మాట: గురక పెడతాడా? గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ తీసుకుంటాడా? అమెరికా, కెనడాల్లో దాదాపు ఐదువేల మంది పోలీసులను పరీక్షించి 2011లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. అందులో నూటికి 40 మందికి ఏదో ఒక నిద్ర జబ్బు ఉన్నట్టు తేలింది. ఎక్కువమందిది ఈ గురక జబ్బే. దాన్ని వదిలేసి బీపీకి మాత్రం ఎన్ని మాత్రలు మింగినా సగం పనే అవుతుంది.

నాకు బీపీ కన్నా ఆ బండే ఎక్కువ భయం. పోర్టు రోడ్డు మీద తెల్లవారుజామున లారీలు ఎలా పోతాయో నీకు నేను చెప్పాలా? పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ ఎంత మొద్దుబారతాయో 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చూశారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడితో సమానమని లెక్క తేలింది. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 30. అంటే పొద్దున్నే బైకెక్కి ఇంటికొచ్చే మీ ఆయన్ని నిద్ర కొలిచే మిషను పెట్టి ఆపితే కేసు రాయాల్సిందే. రాత్రంతా జనం నోటి దగ్గర బ్రీత్ అనలైజరు పెట్టిన మనిషికి ఈ ముక్క ఇట్టే అర్థమవుతుంది, చెప్పి చూడు. డ్యూటీ దిగాక స్టేషన్లోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి, మొహం కడుక్కుని బండెక్కాలి. ఇంటికి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే నువ్వు ఫోన్ మీద ఫోన్ చెయ్యొద్దు.

అత్తగారికి ఇది చదివి వినిపించు: అమ్మా, మీ అబ్బాయికి మధ్యాహ్నమే అర్ధరాత్రి. అర్ధరాత్రి పూట కొడుకు పడుకున్న గది పక్కన మిక్సీ వేస్తారా? టీవీలో సీరియల్ పెడతారా? దరిద్రం ఇంట్లోకి వచ్చేది మనిషి మంచాన పడితేనమ్మా, మధ్యాహ్నం మంచం వాల్చుకుంటే కాదు. కిటికీకి నల్ల దుప్పటి కట్టండి. కాలింగ్ బెల్లు తీసెయ్యండి. ఫోను ఆయన తల కింద ఉండకూడదు, నీ చేతిలో ఉండాలి. స్టేషన్ నుంచి వస్తేనే లేపు. బ్యాంకు లోనువాళ్ళకీ, బంధువులకీ నువ్వే జవాబు చెప్పు.

చివరగా, నేను ఎవరికైనా ఇచ్చే మందు ఒకటే, విసుక్కున్నా సరే. మీ గోడకి పాల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండరు ఉంటుంది కదా. అదే గడిలో ఆయన ఎన్నింటికి పోయాడు, ఎన్నింటికి వచ్చాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, మూడు అంకెలు రాయి. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్ళు పోలీసు పరిశోధన సంస్థ కోసం దేశమంతా తిరిగి 2014లో ఈ లెక్కే తీశారు. స్టేషన్ సిబ్బందిలో నూటికి దాదాపు 90 మంది ఎనిమిది గంటలు దాటి పనిచేస్తున్నారని తేలింది. నెలకొక్క వారపు సెలవు కూడా తీసుకోలేకపోతున్నామని నూటికి 73 మంది స్టేషన్ సిబ్బంది చెప్పారు. మన రాష్ట్రంలో 2019 జూన్‌లో పోలీసులకు వారానికొక రోజు సెలవని ప్రకటించారు, పేపర్లన్నీ రాశాయి. అందులో మీ ఇంటిదాకా వచ్చినవి ఎన్నో నీ క్యాలెండరు చెప్పాలి. మూడు నెలల గడులు నిండాక దాన్ని డాక్టరుకి చూపించు. ఆయన ధైర్యం చేస్తే సీఐ గారికీ చూపించమను. నోటితో చెబితే బతిమాలుతున్నట్టు ఉంటుంది, అంకెలు చూపిస్తే అవతలివాళ్ళు లెక్క వెయ్యక తప్పదు.

ప్రశ్న: నైట్ బీట్‌లో పది టీలు, రెండు గుట్కా ప్యాకెట్లు లేనిదే కళ్ళు నిలవవు. ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. మంచి నిద్రమాత్ర పేరు రాయండి.
– కానిస్టేబులు, కావలి

జవాబు: రాయను. ఆఖరి టీ రాత్రి రెండింటికి, ఆ తరవాత నీళ్ళే. గుట్కా సంగతి నువ్వు ఇంకొకళ్ళ దగ్గర పట్టుకుని కేసు రాసేటప్పుడు ఆలోచించు అబ్బయ్యా.

ప్రశ్న: నేను మహిళా కానిస్టేబుల్‌ని. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర బందోబస్తు పడితే పొద్దుట్నుంచీ నీళ్ళు తాగను. బాత్రూముకి పోవాలంటే పాయింటు వదలాలి, వదిలితే మెమో అంటారు. రెండుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. ఈసారి నెలసరి కూడా అదే తేదీల్లో పడేట్టుంది. వాయిదా పడే మాత్రలు మెడికల్ షాపులో తెచ్చుకోవచ్చా?
– పేరు వద్దు, నెల్లూరు

జవాబు: దర్గా పక్క స్వర్ణాల చెరువులో జనం ఆరోగ్య రొట్టె పట్టుకుంటుంటే గట్టు మీద నువ్వు నీళ్ళు మానేసి నిలబడ్డావన్నమాట. కోపమొస్తోంది, నీ మీద కాదు.

మాత్రల సంగతి ముందు. డాక్టరును అడక్కుండా వద్దు. ఒకవైపు తలనొప్పి, కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివరు జబ్బు ఉన్నవాళ్ళకి అవి పడవు. రోజంతా ఒకే చోట నిలబడే ఉద్యోగంలో కాళ్ళ రక్తనాళాల సంగతి అడగకుండా అమ్మే షాపువాడు నీకు మేలు చెయ్యడం లేదు. చలిజ్వరంతో మంట వచ్చిందంటే ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పోయి ఉండొచ్చు. ఈసారి వస్తే ఆ రోజే డాక్టరు, ఆ రోజే మూత్ర పరీక్ష. రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకసారి కిడ్నీ స్కానింగు కూడా అడుగు.

రొట్టెల పండగ వచ్చేది మొహర్రంలో, ఆ మొహర్రం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూలైలో వచ్చింది, 2026లో జూన్ చివర్లో. నెల్లూరు జూన్ ఎండ అంటే తెలుసుగా. నీళ్ళు మానేస్తే మంటతో పోదు, రాళ్ళు పడతాయి, వడదెబ్బ తగులుతుంది. గంటకి ఒక గ్లాసు తాగు. మూత్రం రంగు ముదిరిందంటే తక్కువ తాగినట్టే. మరి పాయింటు? నువ్వొక్కదానివే అడిగితే సుకుమారి అంటారు. మీ బ్యాచ్ ఆడపిల్లలందరూ ఒకే కాగితం మీద సంతకాలు చేసి, పండక్కి నెల ముందే ఇవ్వండి. ప్రతి మూడు గంటలకీ విడిపించే మనిషి కావాలి, దగ్గర్లో ఆడవాళ్ళకి విడిగా మరుగుదొడ్డి కావాలి. లక్షల మంది వచ్చే పండక్కి వీఐపీ గేటు ఎక్కడో ముందే గీసుకునేవాళ్ళు ఇదీ గీయగలరు.

ప్రశ్న: హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాను. 1984 నవంబరులో శ్రీహరికోట తుఫానప్పుడు మూడు రోజులు బూట్లు విప్పలేదు. మాకేం కాలేదు. ఇప్పటి పిల్లలు ఒక్క నైట్ చేస్తే చాలు, స్ట్రెస్ అంటున్నారు. ఇదంతా సెల్‌ఫోన్ల మహిమ కాదా? (తా.క. నాకు రెండు స్టెంట్లు వేశారు, షుగరు ఉంది. మాత్ర అన్నం ముందా, తరవాతా?)
– విశ్రాంత ఉద్యోగి, అల్లూరు

జవాబు: పెద్దాయనా, మీ ప్రశ్నకి జవాబు మీ తాజా కలంలోనే ఉంది. "మాకేం కాలేదు" అన్న మాటకి రెండు స్టెంట్లు సాక్ష్యం.

తుఫానుకి మూడు రోజులు మేలుకున్నారు, దానికి దండం పెడతాను. ఆ పని అప్పుడూ చెయ్యాలి, 2023లో మిచౌంగ్ తుఫానుకీ చెయ్యాలి. నేనడిగేది తుఫాను లేని రోజుల సంగతి. మంత్రిగారి మరదలి రిసెప్షనుకీ, రోడ్డు పక్కన కాన్వాయ్ కోసం ఆరు గంటలు నిలబడడానికీ అదే మేలుకోలు ఎందుకని. పోలీసు ఎప్పుడూ డ్యూటీలోనే ఉన్నట్టు భావించాలని 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షనులో రాసుకున్నారు. అవసరం పడితే పిలవడానికి ఆ మాట. ఇంటికి పంపకుండా ఉండడానికి దాన్ని అడ్డం పెట్టుకుంటే ఎలా?

కుదరదంటారా? ముంబైలో దేవనార్ స్టేషనులో 2016లో ఎనిమిది గంటల షిఫ్టులు మొదలుపెట్టారు. ఆ పథకం గీసింది ఏ ఐపీఎస్సూ కాదు, ఒక కానిస్టేబులు. పన్నెండు గంటల డ్యూటీ లెక్కని కాగితం మీద విడగొట్టి కమిషనరుకి చూపించాడు. ఆయన సరేనన్నారు. ఆ తరవాత నగరంలో మిగతా స్టేషన్లకీ పాకింది. ముంబై కన్నా అల్లూరులో నేరాలు ఎక్కువా?

మాత్ర సంగతి: షుగరు మందుల్లో అన్నానికి ముందు వేసుకునేవి వేరు, తరవాత వేసుకునేవి వేరు. చీటీ రాసిన డాక్టరునే అడగండి. పక్కింటాయన మాత్ర వేళ మీకు పనికిరాదు.

పేరు, ఊరు లేకుండా ఇన్‌లాండ్ లెటరు రాసిన తమ్ముడికి: మీ ఉత్తరం అచ్చు వేయడం లేదు. ఇది చదవగానే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. ఆయుధం చేతిలో ఉండే డ్యూటీ నుంచి కొన్నాళ్ళు మార్చమని మీ ఎస్సైని అడగండి. నోరు రాకపోతే మీ భార్యతోనో అన్నతోనో అడిగించండి. ఈ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. మీ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం కోసం చూస్తుంటాను.

ప్రశ్న: మా అమ్మాయికి కానిస్టేబులు సంబంధం వచ్చింది. 2022 నోటిఫికేషన్ బ్యాచ్ కుర్రాడు, బుద్ధిమంతుడు. నైట్ డ్యూటీలంటే భయంగా ఉంది. ఇవ్వచ్చా?
– ఒక తండ్రి, కోట

జవాబు: అమ్మాయిని అడిగారా? ఆమెకి ఇష్టమైతే ఇవ్వండి. కట్నం మాట ఎత్తితే మాత్రం లేచి వచ్చెయ్యండి, చట్టం తెలిసినవాడు అడిగితే ఇంకా తప్పు. కాపురానికి ఇల్లు చూసేటప్పుడు పడకగది రోడ్డు వైపు లేకుండా చూడండి.