మొరిగే కుక్క - ఇరుగు పొరుగు

కుక్క విశ్వాసం గల జంతువు. ఇంటికి కాపలా, చేనుకు కాపలా. పల్లె అయినా పట్నం అయినా కుక్క లేని బజారు ఉండదు. కానీ ఆ కుక్కే రాత్రంతా ఆగకుండా మొరిగితే? బజారు మొత్తానికి నిద్ర ఉండదు. ఇరుగు పొరుగు మధ్య మాటా మాటా పెరుగుతుంది.

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్ - విజయవాడ రహదారి మీద ఉన్నాయి. రాత్రంతా బస్సులు, లారీలు తిరుగుతూనే ఉంటాయి. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరు పొందింది. మూడు ఊళ్లలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. ఇక్కడ అందరూ ఒకే వేళకు పడుకోరు. డ్రైవరు అర్ధరాత్రి ఇంటికి వస్తాడు. రాత్రి మిల్లులో పని చేసిన హమాలీ పగలు పడుకుంటాడు. పదో తరగతి పిల్ల తెల్లవారుజామున లేచి చదువుకుంటుంది.

నిద్ర లేని డ్రైవరు స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుంది? బస్సులో ఉన్న అందరి ప్రాణాలకూ ముప్పే. నిద్ర లేని హమాలీ బస్తా ఎత్తితే కాలు తడబడుతుంది. అందుకే ఇది చిన్న విషయం కాదు.

కుక్క ఎందుకు మొరుగుతుంది?

కుక్కకు మాటలు రావు. మొరగడమే దాని మాట. కొత్త మనిషి కనబడితే మొరుగుతుంది. ఆకలైతే, దూప అయితే మొరుగుతుంది. ఒంట్లో నొప్పి ఉన్నా, గజ్జి పట్టినా మొరుగుతుంది. పక్క బజారు కుక్క మొరిగితే ఇదీ అందుకుంటుంది.

పొద్దస్తమానం గొలుసుతో కట్టేసిన కుక్క ఎక్కువ మొరుగుతుంది. దానికి తిరగడానికి లేదు, ఆడడానికి లేదు. ఇంట్లో వాళ్లంతా తాళం వేసి ఊరికి పోతే ఒంటరితనంతో ఏడుస్తుంది.

చిత్తకార్తె వచ్చిందంటే వీధి కుక్కల గోల చెప్పనక్కర లేదు. అది కుక్కలు జత కట్టే కాలం. ఒక ఆడకుక్క వెంట నాలుగైదు మగకుక్కలు పడతాయి. కొట్లాడుకుంటాయి, అరుస్తాయి.

కారణం తెలిస్తే సగం బాధ తీరినట్టే. కారణం తెలియకుండా రాయి విసిరితే కుక్క ఇంకా బెదురుతుంది, ఇంకా మొరుగుతుంది.

పెంచేవాళ్లు ఏం చేయాలి?

వేళకు తిండి, నీళ్లు పెట్టాలి. పొద్దున, సాయంత్రం కొంతసేపు తిప్పాలి. బాగా తిరిగిన కుక్క రాత్రి నెమ్మదిగా పడుకుంటుంది. గేటు దగ్గర కట్టేస్తే వచ్చే పోయే ప్రతి బండినీ చూసి మొరుగుతుంది. రాత్రి పూట ఇంటి వెనకనో, లోపలనో ఉంచాలి. ఊరికి పోతే ఎవరికైనా అప్పజెప్పి పోవాలి. ఒక్కసారిగా మొరుగుడు ఎక్కువైతే పశువుల దవాఖానకు తీసుకుపోవాలి.

కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచి, తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుక్కకు టీకాలు, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదే. 2023 నిబంధనలు ఈ మాట చెబుతున్నాయి.

పొరుగువారు ఎలా చెప్పాలి?

మొదటి మెట్టు మాట. అర్ధరాత్రి కోపంలో గేటు కొట్టి అరవకూడదు. తెల్లారినంక, నెమ్మదిగా ఉన్నప్పుడు పోవాలి.

"అన్నా, రాత్రి పది దాటినంక మీ కుక్క బాగా మొరుగుతున్నది. మా పిల్లకు పరీక్షలున్నయి. ఒకసారి చూడరాదే."

"అట్లనా తమ్మీ! నేను రాత్రి డ్యూటీకి పోతున్న. నాకు తెల్వనే తెల్వదు. ఇయ్యాల్టి నుంచి లోపల కట్టేసి పొమ్మని మీ వదినకు చెప్త."

చాలాసార్లు పెంచేవారికి సంగతి తెలియనే తెలియదు. చెబితే సర్దుకుంటారు. ఏ వేళకు, ఎంతసేపు మొరుగుతుందో ఒక వారం పాటు కాగితం మీద రాసుకుని పోతే ఇంకా మంచిది. మాటకు బలం వస్తుంది.

మాట వినకపోతే?

అప్పుడు చట్టం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. డెసిబెల్ అంటే శబ్దాన్ని కొలిచే కొలత. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు.

పదిమందికి ఇబ్బంది కలిగించడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం తప్పు. వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పోలీసు స్టేషన్లో, మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇవ్వవచ్చు. సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. సూర్యాపేట, కోదాడ వారికి సూర్యాపేట కలెక్టరేటు. మిర్యాలగూడ వారికి నల్లగొండ కలెక్టరేటు.

వీధి కుక్కలైతే?

వీధి కుక్కల బాధ్యత మున్సిపాలిటీది, గ్రామ పంచాయతీది. వాటిని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలి. ఆపరేషన్ అయిన కుక్క చెవికి గుర్తు కోస్తారు. రేబిస్ ఉన్న కుక్కను, మీద పడి కరిచే కుక్కను తిరిగి వదలకూడదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన కుక్కలను మళ్లీ అక్కడ వదలవద్దని అదే ఏడాది నవంబరు 7న ఆదేశించింది.

చెత్త కుప్ప ఉన్న చోట కుక్కల గుంపు చేరుతుంది. మాంసం ముక్కలు, ఎంగిలి అన్నం రోడ్డు మీద పారేయకూడదు. చెత్తబండికే ఇవ్వాలి.

విషం పెట్టవద్దు

కోపంతో కొందరు విషం కలిపిన కూడు వేస్తారు. ఇది పెద్ద తప్పు. ఆ కూడును బర్రె తినవచ్చు, మేక తినవచ్చు. ఆడుకునే పసిపిల్ల ముట్టుకోవచ్చు. జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. కుక్క గోల ఒక రాత్రిది. విషం వల్ల పోయిన ప్రాణం మళ్లీ రాదు.

ఇంకొక మాట. మొరిగే కుక్క కరవదని సామెత. సామెతను నమ్మి దగ్గరకు పోవద్దు. కుక్క కరిస్తే పుండును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. వెంటనే సర్కారు దవాఖానకు పోయి సూదులు వేయించుకోవాలి.

అర్జీ ఇలా రాయాలి

మున్సిపల్ కమిషనర్ గారికి,
కోదాడ.
అయ్యా,
మా బజారులో వీధి కుక్కలు ఎక్కువైనాయి. రాత్రి 11 గంటల నుంచి తెల్లవారే దాకా మొరుగుతున్నాయి. పిల్లలకు, ముసలివారికి నిద్ర లేదు. వాటికి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించమని, చెత్త కుప్ప తీయించమని కోరుతున్నాము.
ఇట్లు,
బజారు వాసులు

కింద తేదీ వేయాలి. అందరూ సంతకాలు చేయాలి. ఒక నకలు దగ్గర ఉంచుకుని, దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

జవాబులు చెప్పండి

1. కట్టేసిన కుక్క ఎందుకు ఎక్కువ మొరుగుతుంది?
2. పొరుగువారితో ఏ వేళలో మాట్లాడాలి? ఎందుకు?
3. విషం పెడితే ఎవరెవరికి ముప్పు?
4. మీ బజారు పేరుతో ఒక అర్జీ రాయండి.