గంట పని, నిమిషం వీడియో

మినీ ప్రాజెక్టుకు మేం తీసుకున్న టాపిక్: వీడియోను కోడే చూసి సారాంశం తయారుచేయడం. చదువు జగిత్యాలలో, కోడ్ రాసే దోస్తుది కోరుట్ల, మా ఇల్లు సిరిసిల్ల. టెస్టింగ్‌కు వీడియో కావాలి గదా! బాపు నడిపే మరమగ్గం ముందర ఫోన్ నిలబెట్టి గంటసేపు తీసిన. మరమగ్గాన్ని మా దిక్కు సాంచ అంటరు.

ముందు కంప్రెషన్ సంగతి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌కు 1920×1080 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 3 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు వేసుకుంటే సెకనుకే దాదాపు 187 ఎంబీ, గంటకు 670 జీబీ పైనే. ఫోన్‌లో మాత్రం అది కొన్ని జీబీలే. ఎట్లా? ఎన్‌కోడర్ ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా దాచుకొని, తర్వాతి వాటిలో మారింది మాత్రమే రాసుకుంటుంది. గోడ కదలదు, దానికి ఖర్చు దాదాపు సున్నా. కదిలిన ముక్క ఎటు, ఎంత జరిగిందో చెబితే చాలు. మిగిలిన తేడాను డీసీటీ అనే గణితంతో విడగొట్టి, కన్ను పట్టించుకోని సన్న వివరాలను వదిలేస్తుంది. డీసీటీ మీద 1974లో వచ్చిన పేపర్ రాసిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఆ రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు.

కంప్రెషన్ అంతా దాచాలని చూస్తుంది. సారాంశం ఏది ఉంచాలో ఎంచుతుంది. మేం ఒక్కో ఫ్రేమ్‌లో ఏ రంగు ఎంతుందో లెక్కగట్టి, అంటే హిస్టోగ్రామ్ తీసి, పక్క ఫ్రేమ్‌తో పోల్చినం. తేడా ఎక్కువున్న చోటు ముఖ్యమైనదని కోడ్ అనుకుంటుంది. నిమిషం సారాంశం వచ్చింది: పోగు తెగి సాంచ ఆగింది, బాపు లేచిండు, చాయ్ తాగిండు, కరెంటు పోయింది.

చూసి బాపు అన్నడు: "ఏంది బిడ్డా, గిది చూస్తే నేను పనే చెయ్యనట్టున్నది!"

నాకు నోట మాట రాలేదు. నాడె అటూ ఇటూ పోయినా రంగుల లెక్క మారదు, ఎందుకంటే హిస్టోగ్రామ్‌కు ఏ రంగు ఎక్కడుందో తెలియదు. అందుకే సాంచ నడిచిన 52 నిమిషాలు కోడ్‌కు "ఏమీ జరగని" సమయమైంది.

తర్వాత పద్ధతి మార్చినం. ఒకే తీరు ఫ్రేములను కె-మీన్స్‌తో గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచి ఒక క్లిప్ తీసుకొని, అసలు వీడియోలో అది ఎంతసేపు ఉందో దానిమీదే రాసినం. ఇప్పుడు మొదటి క్లిప్ మీద కనిపిస్తుంది: "సాంచ నడుస్తున్నది, 52 నిమిషాలు".

మార్పునే ముఖ్యమనుకునే కోడ్ రాసేముందు ఒక్కసారి ఆలోచించండి. రోజంతా ఒకే పని చేసే మనుషులు అందులో కనిపించరు.